ఏరు దాటి చిన్న పార్టీ ఎన్నికకి

యానాం మునిసిపాలిటీ ఎన్నికల్లో మా బావగారు నిలబడ్డారని కబురొచ్చినప్పుడు మా అమ్మ కళ్ళొత్తుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉన్న మనిషి ఆయన. పార్టీయో, బడో ఏదో ఒకటి తేల్చుకోమని పైవాళ్ళంటే, బడి వదిలేసేరు. పోనీ ఆ పార్టీ ఏమైనా గొప్పదా! ఫ్రాన్సులో కూలీల కోసం పుట్టిన పక్షాల్లో అదొక బుల్లి పక్షం. యుద్ధం అయిన కొత్తలో ఏవో కొన్ని సీట్లొచ్చేయిట. మరుసటి ఎన్నికల్లో సగం పోయేయి. ఆ తరవాత మిగిలినవాళ్ళు రెండు ముక్కలై ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. దాని అసలు పేరు పలకాలంటే నోరు తిరగదు. యానాంలో అందరూ చిన్న పార్టీ అనేవారు, నేనూ అదే రాస్తాను.

స్వరాజ్యం వచ్చిన కొత్త రోజులవి. మన వేపు తెల్లవాళ్ళు వెళ్ళిపోయినా ఏటికి అవతల యానాంలో ఫ్రెంచివాళ్ళు ఇంకా ఉన్నారు. అక్కడున్న ఒక్క అచ్చాఫీసూ ఎదటి పక్షం, అంటే పెద్ద పార్టీవాళ్ళది కావడంతో బావగారు ఓటు చీటీలు అమలాపురంలో అచ్చేయించుకున్నారు. అవి పట్టుకుని నన్ను రమ్మన్నారు.

రాజోలులో పొద్దున్న ఆరింటికి బస్సెక్కేను. ముసురు. ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. ఆ పొగకి ముందు సీటువాళ్ళు కూడా దగ్గేవారు. తాటిపాక సంతకెళ్ళే జనం కోళ్ళతో సహా ఎక్కేసేరు. నా పక్కన కూర్చున్న కొబ్బరికాయల వర్తకుడు ఎక్కడికని అడిగేడు. యానాం అన్నాను. మన వేపు మద్యం నిషేధం కదా, ఆయన ముసిముసిగా నవ్వి "అర్థమైందిలెండి" అన్నాడు.

"మందుకి కాదండీ, ఎన్నికలకి."

"అయ్యో, అలాగాండీ! మందైతే పొద్దున్నకి దిగిపోద్దండి" అన్నాడాయన, నామీద జాలిపడి.

పాశర్లపూడి రేవులో దిగి పడవలో వైనతేయ దాటేం. ఆ వేపు బోడసకుర్రులో మళ్ళీ బస్సు. ఈ దారిన వచ్చేవాళ్ళు రేవు దగ్గర ఏమీ తినకండి. నేను తిన్న గారె ముందురోజుది. అమలాపురం చేరేసరికి పది దాటింది. హోటల్లో ఇడ్లీ, కాఫీ తీసుకుని అచ్చాఫీసుకి వెళ్ళేను. గోనె గుడ్డలో చుట్టిన కట్ట నా చేతికిస్తూ అచ్చాఫీసాయన "ఈ పార్టీ ఎక్కడిదండీ, ఎప్పుడూ వినలేదు" అన్నాడు.

"ఫ్రాన్సులోనూ వినడం మానేసేరండీ" అన్నాను.

మళ్ళీ బస్సెక్కి ఎదుర్లంక రేవులో దిగితే సుంకం జవాన్లు కట్ట విప్పించేరు. ఓటు చీటీలని చెప్తే నమ్మలేదు. ఒకాయన ఒక చీటీ వాసన చూసి మరీ వదిలేడు. గౌతమి ఎర్రగా పొంగి ఉంది. కట్ట తడవకుండా పొట్టకి అదుముకుని పడవలో కూర్చున్నాను. అవతలి గట్టు మీద బావగారు గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. మనిషి సగమయ్యేరు.

నేత వీధిలో వాళ్ళిల్లు. ముందు గదే పార్టీ ఆఫీసు. పుదుచ్చేరి నుంచి వచ్చే పార్టీ పత్రిక అక్కడికి చేరేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ సాయంత్రం భోజనానికి ముందు బావగారు ఫ్రాన్సులో ఏదో ఊరి పేరు చెప్పి, అక్కడ కూడా మనవాళ్ళు ఓడిపోయేరయ్యా అన్నారు. పక్కింట్లో ఎవరో పోయినట్టు చెప్పేరు. నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

"పుదుచ్చేరివాళ్ళు తేల్చి చెప్పేసేరు. ఈసారి ఇక్కడ ఒక్క సీటైనా రాకపోతే బోర్డు తీసెయ్యమన్నారు."

"వస్తుందాండీ?"

"నేతవాళ్ళు మొత్తం మన వేపే. వీళ్ళ కూలి గురించి ఆ కౌన్సిల్లో అడిగిన నాథుడు లేడు. ఒక్క సీటు చాలు, అడిగి వస్తాను" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు చూస్తే, బడి ఎందుకు వదిలేసేరని అడగాలనుకున్నవాణ్ణి అడగలేకపోయేను.

అక్కడి పద్ధతి చెప్పాలి. మన వేపు తరవాత జరిగిన ఎన్నికల్లోలాగ నిలబడ్డ ఒక్కొక్కరికీ ఒక్కో పెట్టె ఉండదు. ఏ పార్టీ చీటీలు ఆ పార్టీయే అచ్చేయించుకుని ఇంటింటికీ పంచాలి. ఓటరు తనకి నచ్చిన చీటీ తెచ్చి, అక్కడిచ్చే కవర్లో పెట్టి, ఉన్న ఒక్క పెట్టెలో వెయ్యాలి. అంతే.

మర్నాడు మధ్యాహ్నం నేనూ బావగారూ ఊరు తిరిగొచ్చేసరికి వాకిలి నిండా ఆడవాళ్ళు. అక్కయ్యకి అక్షరం ముక్క రాదు. అయినా ఆ చీటీల కట్ట ముందేసుకుని కూర్చుంది. గిన్నెలో తడి పసుపు. ఒక్కో చీటీకి నాలుగు మూలలా వేలితో బొట్టు పెట్టి పక్కనున్న వీరమ్మకి అందిస్తోంది. వీరమ్మ ఎదురింటి మగ్గం ఆవిడ. ఆవిడ చీటీ ఆరబెట్టి దొంతి పెడుతోంది.

"ఏంటే ఇదంతా?" అన్నాను.

"ఏంటంటావేంట్రా! ఊరందరికీ పంచే కాగితం, పసుపు లేకుండా పంచుతారా? చావు కబురనుకోరూ?"

బావగారు వంగి ఒక చీటీ తీసి చూసేరు. ఎన్నాళ్ళకో నవ్వేరు. "ఇన్నాళ్ళూ నా రాజకీయం దీనికి పట్టలేదోయ్. ఇవాళ పట్టింది" అన్నారు నాతో. ఫ్రెంచి చట్టం కంఠతా వచ్చిన మనిషి ఆయన. చీటీ మీద ఏ గీతా, ఏ రాతా ఉండకూడదని మాకు పదిసార్లు చెప్పేరు కూడా. పసుపు గీతా కాదు, రాతా కాదు. మాలో ఎవరికీ తోచలేదు. గిన్నెలో పసుపు నిండుకున్నాక అడుగున మిగిలిన కాసిని చీటీలు మాత్రం అలాగే ఉండిపోయేయి. సాయంత్రానికి అన్నీ పంచేసేం. ఆడవాళ్ళు చీటీ కళ్ళకద్దుకుని లోపలికి పట్టుకెళ్ళేరు.

పోలింగునాడు కూడా వాన వదల్లేదు. అయినా నేతవాళ్ళు తాటాకు గొడుగుల కింద పిల్లాపాపలతో వచ్చేరు. పెద్ద పార్టీవాళ్ళు ఆ వరస చూసి మాటలు తగ్గించేసేరు. "బావగారూ, గట్టెక్కేం" అన్నాను నేను. పొద్దుగూకాక మేరీలో, అంటే వాళ్ళ మునిసిపల్ ఆఫీసులో, పెట్రోమాక్సు లైట్లు వెలిగించి కవర్లు విప్పడం మొదలెట్టేరు. లెక్కింపుకి పెద్ద మన తెలుగాయనే, కోటు మీద ఉత్తరీయం వేసుకున్న ముసలాయన. నేతవాళ్ళంతా కిటికీల దగ్గర మూగేరు.

మా చీటీ మొదటిది రాగానే పెద్ద పార్టీ మనిషి లేచి ఏదో ఫ్రెంచిలో అన్నాడు. ముసలాయన చీటీని లైటు దగ్గర పెట్టి చూసేడు. చాలాసేపు చూసేడు.

"చెల్లదు" అన్నాడు.

బావగారు లేచేరు. "ఎందుచేతనండీ?"

"మరక ఉంది, మేష్టారూ. ఎవరు వేసేరో ఆనవాలు పట్టే గుర్తేదీ చీటీ మీద ఉండకూడదు."

"అది పసుపండీ! పసుపు గుర్తేంటండీ?"

"నాకు తెలీదా? మా ఇంట్లో మాత్రం పెట్టరా? చట్టంలో పసుపు విడిచిపెట్టమని లేదు. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు ముసలాయన. గొంతులో కోపం లేదు, అదే మరీ బాధ. తరవాత ఒకటే వరస. చెల్లదు, చెల్లదు, చెల్లదు. కిటికీ దగ్గర ఎవరో ఏడ్చేరు. చెల్లని చీటీల దొంతి పెద్ద పార్టీ దొంతిని మించిపోయింది. పసుపు అందని ఆ నాలుగు చీటీలే మాకు లెక్కకొచ్చేయి. సీట్లన్నీ పెద్ద పార్టీవి. ఖర్మ! ఇంకేమనాలి?

బైటికొచ్చేక బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీ అక్కకి చెప్పకు. ఓట్లు పడలేదని చెప్తాను."

"పడ్డాయి కదండీ!"

"పడ్డాయని చెప్తే, ఎందుకు పోయేయని అడుగుతుంది. అది తెలిస్తే ఇక జన్మలో తేరుకుంటుందా?"

చెప్పినట్టే చెప్పేరు. అక్కయ్య వీధి గుమ్మంలోకి వెళ్ళి, ఊరందరికీ వినపడేలా తిట్టింది. పసుపు పెట్టిన కాగితం కళ్ళకద్దుకుని తీసుకుని మరొకడికి వేస్తారా, మీ మగ్గాలు కూలిపోనూ అంది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మర్నాడు వీరమ్మ గిన్నెలో ఏదో కూర తెస్తే, మొహం మీదే తలుపేసింది. బావగారు బోర్డు దింపి గోడకి ఆనించేరు. నాకు అక్కడ ఇంకో పూట ఉండబుద్ధి కాలేదు.

తిరుగు పడవలో జనం లేరు. చీరల మూట ఒళ్ళో పెట్టుకుని వీరమ్మ కూర్చుని ఉంది, ముమ్మిడివరం వెళ్తోందిట. నన్ను చూసి కొంగు సర్దుకుని పలకరించింది. నాకు మాత్రం సిగ్గేసింది. ఎదుర్లంక సగం దూరం ఉందనగా ఇక ఉండబట్టలేక అన్నాను:

"వీరమ్మగారూ, మీ వీధి మొత్తం వేసేరని నాకు తెలుసండీ. ఆ చీటీలు ఎందుకు పోయేయంటే..."

"తెలుసండి. మావోళ్ళు కిటికీ కాడే ఉన్నారు కదండీ."

"తెలిసీ మా అక్కయ్య తిట్లు పడ్డారా?"

"రేత్రే అనుకున్నామండి వీధోళ్ళందరం, ఆవిడ చెవిన పడకూడదని. మేష్టారు ఉజ్జోగం పోయి, సీటూ పోయి కూచున్నారు. అది నా చేతి మూలానే అని ఆవిడకి తెలిస్తే బతుకుద్దాండీ? మమ్మల్ని తిట్టుకుంటే మాకేం పోద్దండి. తిట్టుకోనివ్వండి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఎదుర్లంకలో ఆవిడ మూట నేనే దించి బస్సులో పెట్టేను. రాజోలు చేరేసరికి చీకటి పడింది. అమ్మ అడిగితే ఓట్లు పడలేదని చెప్పేను.

ఈ దారిన యానాం వెళ్ళేవాళ్ళకి చెప్పాల్సింది ఇంకొక్కటే ఉంది. నేత వీధిలో మేష్టారిల్లని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మా అక్కయ్య మిమ్మల్ని కూచోబెట్టి, కాఫీ ఇచ్చి, ఈ వీధివాళ్ళంత విశ్వాసం లేని మనుషులు భూమ్మీద లేరని చెప్తుంది. ఎదురు చెప్పకండి. ఆయ్ అనేసి, కాఫీ తాగి వచ్చెయ్యండి.