అవ్వ ఎంచిన టైర్లు

మా అవ్వ పోయింది. మొన్న వానలో. మా నాయనని కన్నామె. పొద్దున్నే రొమ్ములో నొప్పి అనింది, జీపులో ఉరవకొండ ఆస్పత్రికి తోలకపోతాంటే దావలోనే పానం పోయింది. ఊర్లో తలా ఒక మాట అంటాండారు. ఆమె ఎంచిన టైర్లే ఆమెని చంపినాయని గూడా అంటాండారు. అందుకే చెప్తాండా. నాకి మాట్లాడేది రాదు. ఏడుపు గూడా ఇంకా రాలేదు.

జీపు మిలిట్రీవాళ్లు బళ్లారిలో వేలం ఏస్తే నాయన కొన్నాడు. విడపనకల్లు నుంచి సంతకి, ఆస్పత్రికి బాడిగ తోలేది. టైర్లు అరిగి లోపల నూలు కనపడతాంటే, మార్చల్లని గుంతకల్లుకి బయలుదేరితిమి. అవ్వ గూడా ఎక్కి కూర్చునె.

"నువ్వు యాలమ్మా?" అనె నాయన.

"ఈ ఇంట్లో ఎద్దుల్ని ఎంచేది ఎవుర్రా?"

నిజమే. సంతలో పండ్లు, గిట్టలు, సుడులు చూసేది అవ్వనే. నాయన పగ్గం పట్టుకోని నిలబడేవాడు.

అంగడి సాయెబు రెండు రకాలు దొర్లించుకోని వచ్చినాడు. ఒకటి సన్నది, మీద గట్లు గట్లుగా తేలి ఉండాది. బురదలో పట్టు ఇడవదంట. ఇంకోటి వెడల్పుది, మీద సన్న గీతలు. దానికి మా పాత చక్రాలు సరిపోవు, చక్రాలు గూడా వెడల్పువే ఎయ్యల్లంట. అవ్వ రెండింటి మీదా చెయ్యి తిప్పి తిప్పి చూసె.

"ఏం చూస్తాండావు అవ్వా?"

"సుడి ఏమన్నా ఉండాదేమోనని."

సాయెబు పడీ పడీ నగినాడు. "నోరు తెరిపిస్తా ఉండు, పండ్లు గూడా చూద్దువు."

"నీ నోరు మూసుకోప్పా ముందు. రాళ్ల మీద కుదపనిది ఏది? అది చెప్పు."

వెడల్పుదే అన్నాడు. గాలి రవ్వంత తక్కువ పెట్టుకుంటే ఇంకా మెత్తగా పోతాదన్నాడు.

నాయన ఒప్పుకోలేదు. "మనది నల్లరేగడి నేలమ్మా. వానొస్తే బంకమన్ను పట్టుకోని ఇది ఉన్నకాడనే తిరుగుతాది."

"యాడుందిరా వాన? రాళ్లయితే దినామూ ఉంటాయి. నొప్పులు పడే ఆడపిల్లల్ని ఆస్పత్రికి తీసకపోయేది ఈ బండే గదా?"

నాయన దుడ్లు తీసి ఇచ్చె. సాయెబు వెడల్పువే బిగించి, స్టీరింగు ఆ కొసకీ ఈ కొసకీ తిప్పి, టైరు యాడా రాసుకోలేదని చూసి పంపినాడు.

ఎవురికి నొప్పులొచ్చినా అవ్వ ఎనక సీట్లో కూర్చోని, ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకునేది. పాత టైర్లప్పుడు రాయి రాయికీ కేకలు పెట్టేవాళ్లు. ఈ టైర్లు ఏసినాక ఒక పిల్ల దావలో నిద్రపోయింది. అవ్వ ఆ మాట ఊరంతా చెప్పుకునె. ఎక్కేటప్పుడు టైరుని ఎద్దు మెడ తట్టినట్ల తట్టేది. నాయన బ్రేకు తొక్కితే "హోయ్, హోయ్" అనేది.

మొన్న ఇడవకుండా కురిసింది. అవ్వని ఆస్పత్రికి తోలకపోతాంటే జీపు దావలోంచి జారి పక్క చేన్లోకి దిగె. నేను దిగి నూకినా. టైర్ల గీతలు మన్నుతో పూడిపోయి నున్నగా అయినాయి, ఉన్నకాడనే తిరుగుతాండాయి. నాయన స్టీరింగుని గుద్దతా "నేను చెప్తి గదమ్మా! చెప్తి గదా!" అని అరిచినాడు.

అవ్వ నగింది. "చెప్తివి లేప్పా." నా దిక్కు తిరిగి, "చేను ఎంత లోతు తడిసిందో చూడు" అనె.

చెయ్యి పెట్టి చూసినా. "మోచేతి దాకా తడిసింది అవ్వా."

"బాగుండాది" అనె.

జీపుని లాగను ఊర్లోంచి ఎద్దులు వచ్చేసరికి ఆమె లేదు.

మట్టి చేసినాక ఎవురూ మా ఇంట్లో కూర్చోలేదు. పదును ఆరకముందే విత్తల్లని అందరూ చేన్లకి పోయినారు. జీపు దిగబడిన చేను గలాయన వచ్చి వాకిట్లోనే నిలబడె.

"అన్నా, ఏమనుకోవద్దు. నాకీ పొద్దు విత్తల్ల. ఎద్దులు లాగినా రాని జీపేమో నడిమిట్లో ఉండాది."

"దాని సుట్టూ ఏసుకో. నేల గట్టిపడినాక తీస్తా."

"ఆ టైర్లు అమ్మేయన్నా. అవి మంచివి గావు."

నాయన "నీ కోడలికి ఎన్నో నెల?" అనడిగినాడు.

ఆయన తల వంచుకోని, "నెలలు నిండినాయన్నా" అనె.

"మరి అమ్మమంటావా?"

ఆయన చేనికి పాయె.

నేను పోయి గట్టు మీద కూర్చున్నా. గొర్రుతో జొన్నలు విత్తుతాండారు. సాళ్లు నేరుగా వచ్చి, జీపు కాడ పక్కకి వంగి, అది దాటినాక మళ్లా నేరుగా పోతాండాయి.