ఆగమ్మ కిలో బాటు

మాదన్నపేట కూరగాయల మార్కెట్లో కూర్చోవడానికి మూరెడు జాగా దొరకడమంటే మాటలు కాదు. హమాలీ పని చేసే మొగుడు ఎల్లప్ప నడుం విరిగి మంచాన పడ్డాక, ఆగమ్మ టమాటాల గంప ఎక్కడ దించినా ఎవరో ఒకరు కసిరి లేపేవారు. చివరికి వంకాయలమ్మే నాగమణమ్మ తన బుట్టలు పక్కకు జరిపి కూర్చోమంది. ఆ వరసకంతటికీ నాగమణమ్మే పెద్ద. ఆవిడ కూర్చోమంటే కూర్చోవాలి, లెమ్మంటే లేవాలి. ఎల్లప్ప మందులూ ఇంట్లో పొయ్యీ ఆ మూరెడు జాగా మీదే నడిచాయి.

జాగాతో పాటు నాగమణమ్మ వ్యాపారం కూడా నేర్పింది. తూకం వేసే ఇనుప బాటుకు అడుగున తొలిపించి సీసం తీయిస్తే, కిలోకు నాలుగు కాయలు మిగులుతాయి. ఆనక కొసరుగా ఒకటి పడేస్తే కొన్నవాళ్ళు దీవించి మరీ పోతారు. అందరూ చేసేదే కదా అని ఆగమ్మా అలాగే తూచింది.

తొంభై ఆరులో ఆగమ్మ బాప్తిస్మం తీసుకుంది. నమ్మినవాళ్ళు చీకటి లోకంలో వెలుగులా బతకాలని పాస్టరు సీమోనయ్య చెప్పాడు. ఆగమ్మకు నవ్వొచ్చింది. ఇంట్లో ఉన్న ఒక్క బల్బూ పూటకోసారి పోతుంటే, తను లోకానికేం వెలుగిస్తుంది? కానీ మర్నాడు తూచడానికి తరాజు పట్టుకుంటే ఆ దొంగ బాటు చేతిని కాల్చినట్టయింది. పాతసామాన్ల వాడికి అమ్మితే మరొకరు వాడతారని, అందరూ చూస్తుండగానే తీసుకెళ్ళి మార్కెట్ పక్క మురికి నాలాలో పడేసింది. సర్కారు ముద్ర వేసిన కొత్త బాట్లు కొనుక్కుంది. టమాటాలు కొనడానికి నీ యేసయ్య వస్తాడా అని మార్కెట్టంతా ఎకసెక్కాలాడింది.

ఆ నవ్వులు ఎన్నాళ్ళో నిలవలేదు. ఆగమ్మ తూకం సరైనదని తెలిశాక, జనం ఇంకోచోట కొన్నవి కూడా తెచ్చి ఆమె చేత తూయించుకోవడం మొదలుపెట్టారు. తక్కువుంటే తక్కువని నలుగురికీ వినబడేలా చెప్పేది ఆగమ్మ. నిజం చెబుతున్నానన్న గొప్ప కూడా కాస్త ఉండేది లెండి. రోజూ లొల్లే. ఒకనాడు నాగమణమ్మ నిమ్మళంగా, ఇంకోసారి తన వంకాయలు ఆ తరాజు ఎక్కితే ఆగమ్మ గంప మార్కెట్ బయట ఉంటుందని చెప్పేసింది.

వారం తిరక్కముందే ఆ గడియ రానే వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరుగారి భార్య హైమవతి, నాగమణమ్మ దగ్గర కొన్న వంకాయల సంచీ తెచ్చి ఆగమ్మ ముందు పెట్టింది. కిలో అంటే తీసుకున్నాననీ, అనుమానంగా ఉందనీ, కాస్త తూచి పెట్టమనీ అంది. చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి. నాగమణమ్మ ఇటే చూస్తోంది.

తూస్తే జాగా పోతుంది. సరిగ్గానే ఉన్నాయంటే బాప్తిస్మమని నీళ్ళలో మునిగింది దండగ. అన్నిటికన్నా, తన ఇంట్లో పొయ్యి వెలిగించిన మనిషి నలుగురిలో తలదించుకోవాలా అన్నది ఆగమ్మను ఎక్కువ కలచింది. ఇన్నాళ్ళూ తను చేసిందేమిటి? చీకట్లో ఉన్నవాళ్ళ మొహాన టార్చి కొట్టడం. మొహాన కొడితే ఎవరికైనా కోపమే వస్తుంది, దారి చూపాలంటే కాళ్ళ దగ్గర వేయాలి.

ఆగమ్మ లేచి, తన కిలో బాటు తీసుకెళ్ళి నాగమణమ్మ ఒళ్ళో పెట్టింది.

"అక్కా, నాకు జాగ ఇచ్చినదానివి నువ్వు. గీ బాటు తీస్కో. అమ్మగారి వంకాయలు నువ్వే తూకమెయ్యి."

నాగమణమ్మ తన బాటు పక్కన పెట్టి, ఆ బాటు తరాజులో వేసింది. వంకాయలు తూచింది. కాయలున్న తట్ట పైకి లేచింది, తూకం తక్కువే. నాలుగు వంకాయలు వేసింది, ముల్లు నిలబడ్డాక కొసరు ఇంకోటి వేసింది. హైమవతి సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. బాటు మాత్రం తిరిగి రాలేదు, అడిగే ధైర్యం ఆగమ్మకు లేదు.

మర్నాడు ఆగమ్మ గంప ఎత్తుకుని వచ్చింది. తన జాగాలో ఇంకెవరి గంపో ఉంటుందని దూరం నుంచే మెడ చాచి చూసింది. జాగా ఖాళీగా ఉంది. ఎవరో ఊడ్చి, నీళ్ళు చల్లి, గోనెపట్టా కూడా పరిచారు. ఆగమ్మకు గుండె మీది బండ దిగినట్టయింది. దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ అక్కడే చతికిలబడి కళ్ళు తుడుచుకుంది.

నాగమణమ్మ వంకాయలు సర్దుతూ, తలెత్తకుండా అంది.

"నీ బాటు నేనియ్య. నువ్వింకోటి కొనుక్కో."

"గట్లనే తియ్యక్కా. మరి నీ బాటేది?"

"నీది పడేసిన కాడ్నే పడేసిన, నాలాల."

ఆ రోజంతా ఆగమ్మ రెండు అరకిలో బాట్లు కలిపి టమాటాలు అమ్మింది. ఎవరైనా తూచి పెట్టమని సంచీ పట్టుకొస్తే, కిలో బాటు నాగమణక్క దగ్గరుందని అటు పంపింది.