ట్రెబుల్ చివరిదాకా

కారు పాతదే అయినా పరువుగానే ఉండేది. ఆ పరువు తీసింది నా భార్య. ముందు సీటు ఖాళీగా పెట్టి వెనక కూర్చునేది.

ఆదోనిలో మాది చిన్న బట్టల అంగడి. సరుకు కోసం ఇద్దరం వారం వారం ఎమ్మిగనూరు పోతాం. అక్కడ టీ కొట్టు ముందర కారు ఆపగానే కొట్టాయన మొదలుపెట్టేవాడు. "ఏమన్నా, వదిన దగ్గర బాడుగ ఎంత తీసుకుంటాండావు?"

అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయ్యేది. ముందుకొచ్చి కూర్చోమంటే "నాకీడే బాగుంది, ఆ అద్దం కొంచెం నా తట్టు తిప్పు" అనేది. బొట్టు చూసుకోడానికి కాబోలు అనుకుని, పళ్లు నూరుతూ తిప్పేవాణ్ణి.

దానికి తోడు కారులో స్టీరియో ఒకటి. పాటలన్నీ దుప్పటి కప్పుకుని పాడినట్టుండేవి. బిగించిన మెకానిక్కుతో గొడవపడి స్పీకర్లు మార్పించాను. అయినా అంతే. "అంతా బాగానే ఉందన్నా" అంటాడు వాడు. వాడికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని ఇంటికొచ్చి తిట్టిపోశాను. నా భార్య నా ముఖంలోకి ఒకసారి చూసి, అన్నం వడ్డించింది. చివరికి నేనే స్టీరియో తెర మీద శబ్దాలు సవరించే ఈక్వలైజర్ వెతికి, ట్రెబుల్ గీతను చివరిదాకా పైకి తోశాను. అప్పటికి ప్రాణం కుదుటపడింది.

మొన్న కాలేజీ సెలవులకొచ్చిన మా కూతురు కూడా బయల్దేరి, నా పక్కన ముందు సీట్లో కూర్చుంది. పాట మొదలవగానే చెవులు మూసుకుంది.

"నాయనా, సూదులు గుచ్చుతాండాయి! ఎవురు పెట్టినారు ఇట్ల?"

"ఆ మెకానిక్కే" అన్నాను, సిగ్గులేకుండా.

గీతలన్నీ మధ్యకు తెచ్చి, నా వైపు తిరిగి పాఠం మొదలుపెట్టింది. ఎడమవైపువి బేస్, డప్పు దెబ్బలాంటివి. మధ్యలో మనిషి గొంతు. కుడివైపు ట్రెబుల్. గజ్జెలు, తాళాలు, మాటల్లో స, ష లాంటి సన్నటి చప్పుళ్లన్నీ అక్కడే ఉంటాయట.

"ఇప్పుడు విను, గజ్జెలు ఎంత బాగుండాయో."

"యా గజ్జెలు?" అనేశాను.

పరాచికం అనుకుని నవ్వింది. "సరే, వినపడినప్పుడు సెప్పు" అని ట్రెబుల్ కొంచెం కొంచెం పైకి జరిపింది. సగం దాటింది. నాకేమీ వినపడలేదు. తను మళ్లీ చెవి మూసుకున్నాక ఎక్కడో గజ్జె మోగింది. "ఆ, ఇప్పుడు" అన్నాను. కూతురి నవ్వు ఆగిపోయింది. స్టీరియో కట్టేసి, కిటికీ వైపు తిరిగి ఏదో అంది. నాకు అందలేదు. అలవాటుకొద్దీ తలెత్తి అద్దంలోకి చూశాను.

"డాక్టరుకు సూపిద్దామంటాంది" అన్నాయి అద్దంలో నా భార్య పెదాలు.

మాది నేత ఇల్లు. మగ్గాలాడుతుంటే మాట వినపడదు. ఆ మూల రాట్నం దగ్గర మా అమ్మ పెదాలు కదిలిస్తే ఈ మూల మాకు తెలిసిపోయేది. కోడలిగా వచ్చి నా భార్యా అది నేర్చుకుంది. తర్వాత నేను చాలా ఏళ్లు మరమగ్గాల షెడ్డులో ఉన్నాను. చెవులు ఎప్పుడు మందగించాయో నాకే తెలియదు. ఎదుటి మనిషి ముఖం కనపడితే మాట అందేది, అదే వినడమనుకున్నాను.

"నీకెప్పటినుంచి తెలుసు?" అని అడిగాను.

"కారు కొనకముందే. పక్కన కూసుంటే నా నోరు నీకు యాడ కనపడతాది? రోడ్డు సూసి తోలు."

ఎమ్మిగనూరులో టీ కొట్టాయన ఎప్పటిలాగే బాడుగ సంగతెత్తాడు. అసలు కారణం ఒక్క ముక్క చెబితే ఆయన నోరు మూతపడేది. ఆమె చెప్పలేదు. ఎప్పటిలాగే నవ్వింది. ఇన్నాళ్లూ ఆ నవ్వు నామీదేననుకున్నాను. టీ గ్లాసు పట్టుకుని, తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.