జపానుకు పోయిన సకినాలు

మా ముత్తాత తండ్రి శంకరంపేట వైపు ఊళ్ళకు దేశ్‌ముఖు. ఆయన తరువాత మా ముత్తాత, ఆయన తరువాత మా తాత ఆ పెత్తనం చేశారు. నిజాం సర్కారు తాలూక్‌దారు శిస్తు లెక్కల జమాబందికి వస్తే మొదటి తాంబూలం మా తాతకు ఇచ్చిన తరువాతే మిగతావాళ్ళకు ఇచ్చేవారు. మెదక్‌లో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పోయేవారు. వీటిని గొప్ప కోసం రాయడం లేదు. అలాగని తగ్గించి రాయవలసిన అవసరమూ నాకు లేదు.

మా అన్న పటాలంలో చేరడం నాయనకు తలవంపుగా ఉండేది. సికింద్రాబాదులో చదువు మధ్యలో ఆపి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఇంగ్లీషు సర్కారు సైన్యంలో లేఖరిగా చేరాడు. "సలాములు అందుకునే ఇంట్ల పుట్టి, సలాములు కొట్టే కొలువా?" అని నాయన ఒక్క మాటే అన్నాడు. ఆ తరువాత అన్న ఊసే ఎత్తలేదు. యుద్ధం ముగిసింది, ఇక ఇంటికి వస్తాడనుకున్నాం. వాళ్ళ పటాలాన్ని జపానులో కాపలాకు పంపారు. అక్కడి నుంచి అమ్మకు కార్డు వచ్చింది. చలికి చేతులు పగులుతున్నాయనీ, చప్పిడి తిండి గొంతు దిగడం లేదనీ, జ్వరంతో దవాఖానలో పడి లేచాననీ, ఇంటి కారం ఏదైనా పంపమనీ రాశాడు.

మొదట్లో పంపడం మాకు పనిలాగే ఉండేది కాదు. ఊళ్ళ నుంచి వంతుల ప్రకారం వెట్టికి వచ్చేవాళ్ళు ఉండేవారు. గానుగాయన నువ్వుల నూనె తెచ్చేవాడు. ఆడవాళ్ళు పెరట్లో బియ్యం దంచి, పిండి కలిపి, సకినాలు చుట్టి నూనెలో కాల్చేవారు. దర్జీ డబ్బా చుట్టూ ముతక గాడా గుడ్డ వేసి దబ్బనంతో కుట్టేవాడు. సముద్రం అవతలికి పోయే పార్సిళ్ళు మెదక్‌లో తీసుకునేవారు కాదు. సికింద్రాబాదు లష్కరులో ఉన్న ఇంగ్లీషు టపా కచేరీలో ఇవ్వాలి. మూటలు మోసే బేగారి దాన్ని నెత్తిన పెట్టుకుని అక్కన్నపేట స్టేషను దాకా నడిచి, రైలెక్కి పోయి ఇచ్చి వచ్చేవాడు. అమ్మ వంతు ఒక్కటే, మూత పెట్టే ముందు సకినాల మీద ఒకసారి చెయ్యి ఆనించడం.

అంతలో ఊళ్ళల్లో రైతు కూలీల సంగం పుట్టింది. వేరే చోట్ల దొరల గడీలు తగలబడ్డాయని వినేవాళ్ళం. శంకరంపేటలో ఉన్న మా గడి మీద ఎవరూ చిన్న రాయి కూడా వేయలేదు. రావడం మానేశారు, అంతే. ఒక ఉదయం గానుగాయన రాలేదు, దర్జీ రాలేదు, దంచేవాళ్ళు రాలేదు. బేగారి ఒక్కడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"దొర్సానీ, సంగపోళ్ళు చెప్పిన్రు. ఇగ వెట్టి బంద్. కూలిస్తే మోస్త, లేకుంటే లేదు."

అమ్మ ఏమీ అనకముందే లోపలి నుంచి నాయన గొంతు వచ్చింది. "మీ తాత కాడికెల్లి మోస్తున్న మూటకు ఇప్పుడు కూలేందిరా? పైస గూడ ఇయ్య."

"ఇయ్యకుండ్రి దొరా. నేను గూడ మొయ్య."

కోపంగా అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పి, తువ్వాల భుజాన వేసుకుని పోయాడు. వెట్టి చేసిన చేతికి మా ఇంటి నుంచి కూలి పోకూడదని నాయన ఆ రోజే ఆన పెట్టాడు. నాయన మాట అమ్మ దాటేది కాదు. కానీ కొంగు నడుముకు చుట్టి నా వైపు తిరిగింది. "అయితే మనమే చేస్తం. రోకలి ఎక్కడుందో సూడు" అంది.

నాకప్పటికి పదహారు నిండాయి. రోకలి ఎక్కడుందో నాకూ తెలియదు.

అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. నేను చుట్టిన సకినాలు గుండ్రంగా రాలేదు, తేలు తోకల్లా వచ్చాయి. అయినా ఒక రోజంతా కూర్చుని డబ్బాకు సరిపడా చేశాం. ఇంటి తలుపులన్నీ మూసి చేశాం, దిష్టి భయం. దూరంగా ఉన్న కొడుకు తినబోయే దాని మీద పరాయి కన్ను పడకూడదని అమ్మ పట్టుదల. మూకుడులోంచి తీసినవి తీసినట్టు డబ్బాలో వేసి మూత పెట్టింది. కళాయి అంగడి అతన్ని పిలిపించి, డబ్బా చెయ్యి కాలుతుండగానే మూత చుట్టూ గాలి పోకుండా మాటు వేయించింది. లష్కరుకు పోయే బంధువు ఒకాయన మోటారు బస్సులో తీసుకుపోయి టపాలో వేశాడు.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. డబ్బా తెరిస్తే అంతా బూజేననీ, పారవేయవలసి వచ్చిందనీ అన్న రాశాడు. ఇంట్లో పరిస్థితి తెలిసింది, మీకు శ్రమ ఎందుకు, ఇక పంపకండి అని కూడా రాశాడు.

బూజు మాటకు అమ్మ చలించలేదు. చివరి మాటకు ముఖం ఎర్రబడింది. "ఇంట్ల చేతులు లేవనుకుంటున్నడు" అంది. ఆ డబ్బా బాగా చేరి, వాడు కరకరమని కొరికినట్టు తెలిసే దాకా ఆగేది లేదని నాతో అంది. దానితోపాటు ఇంకో చిక్కు ఉంది. వాళ్ళ పటాలాన్ని త్వరలో వేరే చోటికి మారుస్తారని అదే కార్డులో ఉంది. ఆలస్యమైతే పార్సిలు ఎక్కడికో పోతుంది.

యుద్ధం రోజుల్లో చర్చి కాంపౌండులోని ఆడవాళ్ళు సైనికులకు మేజోళ్ళు అల్లి, తినుబండారాలు డబ్బాల్లో పంపేవారని అమ్మకు తెలుసు. వాళ్ళలో పెద్ద చెయ్యి మిషను బడి పంతులమ్మది. ఆమె తండ్రి మా పొలాల్లో జీతం చేసినవాడు. కరువు ఏడు చర్చి కట్టే పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఆమె ఇంటికి నడిచింది. మా ఇంటి ఆడవాళ్ళు పరదా లేకుండా ఆ వైపు నడవడం అదే మొదలు.

పంతులమ్మ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసి, అంతా విని, నవ్వింది.

"వేడి వేడిగ మూత పెట్టిన్రా? ఆవిరంత ఎటు పోతది దొర్సానీ, జపానుకు మీతోని చెప్పి పోతదా?"

"పరాయి కన్ను పడొద్దని పెట్టిన."

"దిష్టి తగిల్తే కడుపు నొస్తది. బూజు పడితే డబ్బనే పారేస్తరు. ఏది నయం?"

"వచ్చి చూపిస్తవా?" అని అమ్మ అడిగింది.

"వస్త. కని వాకిట్ల నిలవడి చెప్ప. పొయ్యి కాడ పీట ఏస్తే కూసొని చెప్త. మీ దొర ఒప్పుకుంటడా?"

మా వంటింట్లోకి అప్పటిదాకా మా ఇంటివాళ్ళు, వండే మనిషి తప్ప ఎవరూ అడుగు పెట్టలేదు. అమ్మ కొంగు సర్దుకుని లేచింది. "రేపు పొద్దుగాల రాండ్రి" అంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి నాయన పెద్ద గదిలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ముందు నుంచే వంటింట్లోకి పోయింది. ఆయన పేపరు మడిచి పెరట్లోకి పోయి, సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు.

పంతులమ్మ మాట ఒక్క క్షణం ఆగేది కాదు. నూనె తగినంత కాగకముందే వేస్తే "గివి సకినాలా, నీళ్ళల్ల నానిన తాళ్ళా?" అనేది. నేను చుట్టినవి చూసి "బిడ్డా, నీ పెండ్లిల సకినాలు నువ్వు చెయ్యకు, మొగుడు పారిపోతడు" అంది. అమ్మ నవ్వడం నేను ఆ ఏడంతా అప్పుడే విన్నాను. కాల్చినవన్నీ తెల్లగుడ్డ మీద పరిచి, ఆ గుడ్డను పెద్ద గదిలో, వీధి తలుపులు బార్లా తెరిచి ఉంచమంది. అమ్మ తానే గడియ తీసి తలుపులు తెరిచింది. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. కూరగాయలమ్మే ఆమె "ఏంది దొర్సానీ, పెండ్లా?" అని అడిగింది. "జపానుకు" అని అమ్మ చెప్పింది. మూత పెట్టకుండా మర్నాటి దాకా అవి అలాగే ఉన్నాయి.

తరువాత డబ్బాను ఎండలో కాచి, కింద వేయించిన ఉప్పు మూట పెట్టి, సకినాలు, నువ్వుల ముద్దలు, ఎల్లిపాయ కారం వేరువేరు గుడ్డల్లో సర్దాం. పంతులమ్మ తాను అల్లిన ఉన్ని మేజోళ్ళ జత పైన పెట్టింది. మాటు వేయించి, గాడా గుడ్డ నేనే కుట్టాను. డబ్బా బరువుగా తయారైంది.

మోసేవాళ్ళు లేరు. మోటారు బస్సు చెడి నడవడం లేదు, ఎప్పుడు నడుస్తుందో అడ్డాలో ఎవరికీ తెలియదు. బంధువులు భయపడి పట్నం పోయారు. బండికి ఎడ్లు కట్టే జీతగాడూ పోయాడు. కూలి ఇవ్వకూడదన్న ఆన అలాగే ఉంది. "నేనే మోస్త" అని అమ్మ కొంగు చుట్టింది.

నాయన పెరట్లోంచి వచ్చాడు. డబ్బాను ఒక చేత్తో ఎత్తి చూసి కింద పెట్టాడు. తలపాగా తెమ్మన్నాడు.

అమ్మకు అర్థమైంది. "తెల్లారక ముందే పోండ్రి, ఎవ్వరూ సూడరు" అంది మెల్లగా.

"దొంగనా నేను? ఎండెక్కినంక పోత."

అలాగే పోయాడు. బజారు నిండుగా ఉన్న వేళ, తలపాగా మీద డబ్బా పెట్టుకుని, నడుం వంచకుండా మా ఇంటి మెట్లు దిగాడు. గొడుగు కూడా తన చేత్తో పట్టుకోని మనిషి. నేను గడపలో నిలబడి చూశాను. గుడ్డల దుకాణం వాడు ఊరుకోలేదు.

"ఏం దొరా, బేగారి కొలువు మీకే దొరికిందా?"

"నా కొడుకుది నేను మోస్తున్న. నువ్వు నీ గజం బద్ద సక్కగ పట్టు" అన్నాడు నాయన, ఆగకుండానే. బజారంతా నవ్వింది. ఎవరి మీద నవ్వారో ఇప్పటికీ నేను ఖాయంగా చెప్పలేను.

ఊరి చివర బేగారి ఎదురయ్యాడట. ఆ సంగతి అతనే తరువాత అమ్మకు చెప్పాడు. "దొరా, గట్ల పాగ మీద పెడితే స్టేషన్ దాక ఆగదు, సోలుతది. జర నిలవడుండ్రి" అని తన తువ్వాలను చుట్టబట్టగా మెలిపెట్టి డబ్బా కింద సర్దాడట. నాయన వద్దనలేదు. కూలి మాట ఇద్దరూ ఎత్తలేదు.

నాయన రెండో రోజు వచ్చాడు. కాళ్ళు పుండ్లు పడ్డాయి. మంచినీళ్ళు అడిగి, "చేర్చిన" అన్నాడు. అమ్మ ఆ తువ్వాలను తానే ఉతికి మా ఇంటి తీగ మీద ఆరేసి, బేగారికి పంపింది.

అన్న జవాబు వానాకాలం మొదట్లో వచ్చింది. డబ్బా మూత ఊడదీయగానే గదిలో అందరూ మూగారనీ, ఒక పంజాబీ అతను ఎల్లిపాయ కారం నాకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా మళ్ళీ అడిగాడనీ, సకినాలు ఇంట్లో తిన్నట్టే కరకరలాడాయనీ రాశాడు. మేజోళ్ళు ఎవరు అల్లారని అడిగాడు. అమ్మ నాతో గట్టిగా చదివించింది, పెరటి దాకా వినపడేట్టు. నాయన అక్కడి నుంచే "మాటు ఊడలేదా?" అని అడిగాడు. అన్న సైన్యంలో చేరాక ఇంట్లో ఆ ఊసు ఆయన ఎత్తడం అదే మొదలు.

ఆ తరువాత అన్న పటాలం పూనాకు వచ్చింది. జపానుతో పోలిస్తే పూనా మా పక్క ఊరు. కానీ అప్పటికి నిజాం రాజ్యానికీ ఇండియాకూ మధ్య దారులు మూతపడ్డాయి. ఇండియా సైన్యంలో ఉన్నవాడికి పార్సిలంటే రజాకార్లు ఇల్లు సోదా చేస్తారని టపా కచేరీలో ఒకాయన మమ్మల్ని హెచ్చరించాడు. సముద్రం దాటిన మా సకినాలు సరిహద్దులోని నల్దుర్గ్ నాకా దాటలేకపోయాయి. అమ్మ చేయడం మాత్రం మానలేదు. చేసి, ఆరబెట్టి, మాటు వేయించి, అటక మీద పేర్చింది. నాయన ఏమన్నా అంటాడేమోనని చూశాను. ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు.

పోలీస్ యాక్షన్ అయి, సైన్యం లారీలు మెదక్ మీదుగా పోయిన రోజు అమ్మ ప్రతి లారీలోనూ వెతికింది. అన్న వాటిలో లేడు. కాశ్మీరులో ఉన్నానని తరువాత రాశాడు. అటక మీది పాత డబ్బా ఒకటి విప్పి చూశాం. పంతులమ్మ ఒకటి కొరికి, "పర్వాలేదు, నేర్చుకున్నరు" అంది. అయినా పాతవి పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. కొత్తగా చేసి కాశ్మీరుకు పంపాం. ఈసారి మోసినందుకు బేగారికి నాయన తన చేత్తో కూలి ఇచ్చాడు.

అన్న సైన్యంలో ఉన్నన్నాళ్ళూ డబ్బాలు పోతూనే ఉన్నాయి. ఊళ్ళ నుంచి మాకు రాబడి నిలిచిపోయింది. పోలీస్ యాక్షన్ అయిన ఏటి చలికాలంలోనే, ఇల్లు గడవడానికీ డబ్బాల ఖర్చుకూ, శంకరంపేట గడి పైకప్పు విప్పించి, టేకు దూలాలు రేగోడ్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఒక రైతుకు అమ్మేశాం.