గాజుపలక మీద గీత

మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే ఆవిడకి అందరూ పెట్టిన పేరు పటాస్. ఆవిడ అరిస్తే గోడగడియారం కూడా ముల్లు ముందుకి వెయ్యడానికి జంకేదట.

ఆవిడ పని, వండిన మందులో మురికేమైనా కలిసిందా అని తేల్చడం. తెల్లటి పొడి పూసిన గాజుపలక కింది అంచు దగ్గర గీత గీస్తుంది. గీత మీద అసలు మందు ఒక చుక్క, పక్కన కొత్త మందు ఒక చుక్క పెట్టి, సీసాలో కాస్త ద్రావకం పోసి పలకని అందులో నిలబెడుతుంది. ద్రావకం పైకి పాకుతూ చుక్కలో ఉన్నవాటిని ఒక్కోదాన్నీ ఒక్కో ఎత్తులో దింపేస్తుంది. ఉమ్మడి కాపురం విడగొట్టినట్టే!

ఆ పొద్దున మొగుడు గొడుగు ఎక్కడో పారేసుకొచ్చాడని ఇంట్లో పెద్ద యుద్ధం. అతనూ అదే ఫ్యాక్టరీలో మందు వండే పాత్ర దగ్గర ఆపరేటరు. పటాస్ మండుతూనే పలక నిలబెట్టి, మిగిలిన తిట్లు ఫోనులో అప్పజెప్పడానికి బయటికి పోయింది. తిరిగొచ్చేసరికి మేనేజరు పలక తీసి చీకటిపెట్టెలో, మచ్చలన్నీ నల్లగా కనిపించే దీపం కింద చూసేశాడు. ఉండకూడని మచ్చ! మొగుణ్ణి పిలిపించాడు.

“పాత్ర కడగలేదు కదూ? రేపట్నించి రానక్కర్లేదు.”

“కడిగానండీ.”

“మరి మచ్చ ఆకాశంలోంచి ఊడిపడిందా?”

పటాస్ మొగుడి మీదికి లేచింది. “ఇంట్లో గిన్నెలు కడిగినట్టే కడిగావా ఇక్కడా?”

“నీ మీద ఒట్టే, కడిగాను.”

“నా మీదెందుకు ఒట్టు? నేను పోతే పీడ వదులుతుందనా?”

సాక్ష్యం చూపించి మరీ తిడదామని పలక లాక్కుని కిటికీ వెలుగులో పెట్టింది. మచ్చ అసలు మందు మీదా ఉంది, ఏ చుక్కా పెట్టని చోటా ఉంది. ఈ చివర్నించి ఆ చివరిదాకా ఊదారంగు చార. పొద్దున పెన్సిల్ చేతికి దొరక్క, కోపంలో బాల్‌పెన్నుతో గీసేసింది. పెన్సిల్ గీతయితే కదలదు. సిరా మాత్రం ద్రావకంతో పాటు పైకెక్కి కూర్చుంది.

మాట్లాడకపోతే తన ఉద్యోగం పదిలం, మొగుడిది హుళక్కి.

“తప్పు నాది! పెన్నుతో గీశాను!” అని మేనేజరు మీదే విరుచుకుపడింది. “మీకైనా కళ్ళు లేవూ? ఖాళీ చోట కూడా మచ్చుంటే మనిషిని తీసేస్తారా?”

“అరవకమ్మా తల్లీ, ఇంకోటి పెట్టు,” అన్నాడు మేనేజరు, పిల్లిలా.

రెండో పలక కడిగిన ముత్యంలా వచ్చింది. మొగుడి ఉద్యోగం నిలిచింది. ఆవిడకి అందరి ముందూ చీవాట్లు పడ్డాయి.

సాయంత్రం గేటు దగ్గర మొగుడు నవ్వుతూ నించున్నాడు.

“ఏంటా నవ్వు? నన్ను ఒక్క మాటైనా అనవా?”

“అనలేదనా ఇప్పుడు కోపం?”

“అవును!” అంది పటాస్. వీధి చివరిదాకా తిడుతూనే నడిచింది.