మాట అందించొద్దు

రిసార్టు హాల్లో కుర్చీలు గుండ్రంగా వేయించి, చెప్పులు విప్పి, వాచిన మడమల్ని చల్లటి నేలకు ఆనించాకే కరుణాకుమారి పాఠం మొదలుపెడుతుంది. ఉద్యోగుల కష్టసుఖాలు ఒక్కొక్కరిగా వినే కోచ్‌లకు, పదిమందిని కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడం నేర్పడం ఆమె పని. "ఎవరైనా మధ్యలో ఆగిపోతే ఆగనీండి. ఓదార్చొద్దు, మాట అందించొద్దు" అని గొంతు బొంగురుపోయేదాకా చెబుతుంది. ఆ సాయంత్రం అభ్యాసానికి ఒకరు తక్కువైతే ఆ కుర్చీలో తనే కూర్చుంది. ఆ పూట అభ్యాసం నడిపిస్తున్న కోచ్ హరినాథ్, "అక్కా, ఈ వారం మీకెట్లా గడిచింది?" అన్నాడు. బాగానే గడిచిందనబోయింది. నోరు పెగల్లేదు, కళ్లు నిండాయి. పక్కనున్న డెబోరా నీళ్లసీసా అందించబోతే హరినాథ్ కళ్లతోనే వారించాడు. మైపాడు సముద్రపు హోరు తప్ప హాల్లో చప్పుడు లేదు. "ఎవరన్నా ఏందో ఒకటి అనండబ్బా" అంది చివరికి. వాళ్లు బాగా నేర్చుకున్నారు. ఎవరూ పెదవి విప్పలేదు.