నేను పంపించేసిన గుర్రం

మా ఆయన గుర్రం కొన్నది రిటైరైన మూడో నెలలో. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లకు పైగా లేత్ మిషను మీద పనిచేశారు. వారమంతా రేకుల కప్పు కింద, నూనె వాసనలో గడిపే ఆ మనిషికి ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. హత్నూర వైపు పల్లెలో పుట్టినవారు. ఏ గుట్ట మీద సీతాఫలాలు ముందు పండుతాయో, మంజీరలో మొసళ్లు ఏ ఒడ్డున ఎండ కాగుతాయో, ఏ నెలలో ఏ పిట్టలు వచ్చి దిగుతాయో ఆయనకు తెలుసు. నాకు తెలియదు. మాది కృష్ణా జిల్లా. మా నాన్న ఒక ప్లాంటులో ఉద్యోగానికి ఇక్కడికి వస్తే క్వార్టర్స్‌లో పెరిగాను, బడిలో లెక్కల టీచరునయ్యాను. కాస్త ఎండ తగిలితే తలనొప్పి వచ్చే మనిషిని.

అది నగరంలో పందాలకు పరిగెత్తి, కాలు దెబ్బతిని, ఇక పనికిరాదని పక్కన పెట్టిన ఆడగుర్రం. ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ.

"ఈ వయసులో గుర్రమేమిటండీ? నలుగురూ నవ్వరూ?" అన్నాను.

"నవ్వనియ్యవే. మా నాయిన పటేలు గుర్రానికి మేతేసి మేతేసి సచ్చిపోయిండు. ఒక్కరోజన్న ఎక్కిండా?"

సంగారెడ్డి చివర, కొండాపూర్ వెళ్లే దారిలో మా ఇల్లు. వెనక ఖాళీ జాగాలో తానే కొట్టం వేశారు. మొదటి ఆరు నెలలు గుర్రం ఎక్కనే లేదు. పగ్గం పట్టుకుని పక్కన నడిచేవారు. దాని కాలు బాగుపడ్డాక, తెల్లవారకముందే లేచి నానిన ఉలవలు పెట్టి, ఒళ్లు రుద్ది, జీను వేసుకుని బయల్దేరేవారు. తొమ్మిదింటికో పదింటికో జేబునిండా తునికి పండ్లతో, చొక్కా నిండా పల్లేరు కాయలతో తిరిగొచ్చేవారు. ఫ్యాక్టరీ రోజుల్లో నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, దానితో వాకిట్లో నిలబడి గంటసేపు మాట్లాడేవారు.

దాన్ని "బిడ్డా" అని పిలిచేవారు. మాకు పిల్లలు లేరు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకునేది. ఆయనతో ఎన్నడూ అనలేదు.

"ఓ టీచరమ్మా, ఒక్కపారి రారాదే," అని నన్ను అడిగేవారు. "నువ్వు ఎక్కు, నేను పట్టుకొని నడుస్త. పొద్దుగాల మంజీర సూస్తే నీ తలనొప్పి పోతది."

పేపర్లు దిద్దాలి, నడుము నొప్పి, ఇల్లు కడగాలి. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేదాన్ని. చెప్పడానికి ఏమీ దొరక్కపోతే "తర్వాత చూద్దాం లెండి" అనేదాన్ని. అలా ఆరేళ్లు.

ఒక ఎండాకాలం పొద్దున పదకొండైనా ఆయన రాలేదు. ఆయన ఫోను నుంచే ఎవరో చేశారు. "అమ్మా, సారు పడ్డడు. గుట్ట కాడున్నం. జల్ది రాండ్రి."

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఆసుపత్రికి చూడటానికి వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట, గుర్రం పడేసిందట గదా అని. మా తమ్ముడు ఇంకో అడుగు ముందుకేశాడు. "ఈసారి తుంటి విరిగింది, ఇంకోసారి తల పగులుతుంది. దాన్ని వదిలించుకో అక్కా." నాకు అది నచ్చిన సలహా. అసలు ఏం జరిగిందని నేను ఎవర్నీ అడగలేదు. ఆయన్నీ అడగలేదు.

ఆపరేషన్ అయిన మూడో రోజు, నేను కబురు పెడితే, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు కిరాయికిచ్చే మనిషి జహీరాబాద్ నుంచి డీసీఎం వ్యాన్ వేసుకుని వచ్చాడు. గుర్రం ఎక్కనంది. నలుగురు కలిసి తాడు వేసి లాగారు, వెనక నుంచి నెట్టారు, ఒకడు చెవి మెలిపెట్టాడు. అది ఇంటి తలుపు వైపు చూసి సకిలించింది. నేను లోపలికి పోయి మిక్సీ వేశాను. అందులో ఏం వేసి తిప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆసుపత్రిలో ఆయన రోజూ అడిగేవారు.

"బిడ్డ తింటున్నదా?"

"తింటోందండీ."

"ఉలవలు నానేస్తున్నవా?"

"వేస్తున్నాను."

ఇంటికి తెచ్చిన రోజు వాకర్ పట్టుకుని ఆయన గుమ్మం వైపు రాలేదు, నేరుగా ఇంటి వెనక్కి నడిచారు. ఖాళీ కొట్టం ముందు నిలబడ్డారు. నేను వెనకే నిలబడ్డాను. నా వైపు తిరగకుండానే అడిగారు.

"ఎప్పుడు పోయింది?"

చెప్పాను.

"మొండికేసిందా?"

"లేదండీ. మంచిగానే ఎక్కింది."

"అది వ్యాన్ ఎక్కదే. నాకు తెల్వదా?" అన్నారు మెల్లగా. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎదురు తిట్టేదాన్ని, గొడవ పడి ఏడ్చి ఊరుకునేదాన్ని.

రెండు వారాలకు, ఆ రోజు ఫోను చేసిన మనిషి ఆయన్ని చూడటానికి వచ్చాడు. ఆ గుట్ట దగ్గర మేకలు కాస్తాడు. టీ తాగుతూ నాతో చెప్పాడు.

"సారు గుర్రం దిగి రాళ్లల్ల ఏదో పిట్టగూడు సూస్తుండెనట. రాయి జారి పడ్డడు. గుర్రం ఎటూ పోలేదమ్మా. సారు మీద ఎండ పడకుంట గట్లనే నిలవడ్డది. గిదేంది, గుర్రం ఒక్కతాన్నే నిలవడ్డదని నేను దగ్గరికి పోయిన. గది లేకుంటే సారు నాకు కనవడకపోవు. ఏది గుర్రం? జెర సూసి పోత."

మంచం మీంచి మా ఆయన అందుకున్నారు. "ఊరికి తోలినం లే. నాకు నయమయ్యేదాంక."

అతను వెళ్లాక మంచం పక్కన కూర్చున్నాను. "ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు అడగలే. నేను ఇంటికి వచ్చేసరికే తోలేస్తివి. ఇగ చెప్పి ఏం లాభం? పరేషాన్ అయితవని ఊకున్న."

కర్ర పట్టుకుని నడవగలిగాక ఆయన ఒక్కటే కోరారు, ఒకసారి పోయి చూసొద్దామని. కాలు ఇంకా కుదరలేదన్నాను. తర్వాత వానలన్నాను. నిజానికి ఆ గుర్రం ముఖం చూసే ధైర్యం లేదు నాకు. నాలుగు నెలలు గడిచాక కారు మాట్లాడుకుని జహీరాబాద్ వెళ్లాం. ఆ మనిషి చేతులెత్తేశాడు. "అది బాజాలకు బెదురుతుండె అమ్మా. పెండ్లిళ్లకు పనికిరాలే. కర్ణాటక ఆయనకు ఇచ్చేసిన. ఏ ఊరో ఎరుక లేదు."

తిరిగి వస్తుంటే ఆయన కారును మంజీర వంతెన వైపు తిప్పించి, అక్కడ ఆపించారు. ఎండలో, తల మీద కొంగు కప్పుకుని ఆయన పక్కన నిలబడ్డాను. నీళ్లలో దూరంగా పిట్టలున్నాయి, చూడమన్నారు. నాకు కనిపించలేదన్నాను. నా గడ్డం పట్టుకుని అటు తిప్పారు. అప్పుడు కనిపించాయి, బారుగా తెల్లగా, పొడుగు కాళ్ల మీద. ఆయన నాకు చూపించి సంతోషపడ్డారు. ఇంతే కదా ఆ మనిషి నన్ను ఆరేళ్లు అడిగింది.

ఆ తర్వాత రెండేళ్లు బతికారు. బయటికి పోదామని మళ్లీ అనలేదు. నేను పిలిస్తే "ఏడికే, కాలు సాతగాదు" అనేవారు. పగలంతా టీవీ ముందు కూర్చునేవారు, ఏ చానల్ పెట్టినా అదే చూసేవారు. ఒక పొద్దున టీ తాగుతూ గుండె ఆగి పోయారు.

పోయిన చలికాలం ఆయన పడ్డ చోటు చూడాలనిపించింది. మేకలు కాసే అతను చెప్పిన గుర్తుల ప్రకారం ఆటోలో వెళ్లాను. గుట్టను సగం తవ్వేశారు. చుట్టూ ప్రహరీ కట్టి, లోపల తెల్ల రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టారు. గేటు దగ్గరున్న వాచ్‌మన్, ఉత్తరాది మనిషి, కుర్చీలోంచి లేచాడు. "ప్లాట్ దేఖ్నా హై, మేడం?"

ప్లాటు చూడటానికి రాలేదన్నాను. మరి ఎందుకొచ్చానో అతనికి హిందీలో ఎలా చెప్పాలో తెలియలేదు. తెలుగులో అడిగినా చెప్పగలిగేదాన్ని కాదేమో.